అమీరుపేట, పంజాగుట్ట: గ్రామనామములును గట్టడములును

హైదరాబాదు ప్రాఁతనగరమునకు వాయవ్యమున, మూసీనది కుత్తరపుదెస, బల్కంపేట మొదలుకొని యెఱ్ఱమంజిలుదాఁక నొక్క యుదయమునఁ గాలినడకను జూచి రాఁదగిన మార్గము గలదు. త్రోవ చూపువారు తోడు లేకున్నను జిక్కులేదు. ప్రతి కూడలికి నొక పేరున్నది. ఆ పేరి వ్యుత్పత్తి తెలిసినచోఁ జెంతనున్న కట్టడ మెవరిదో, యెట్టికాలమునాఁటిదో తెలియును. ఇచ్చటి పేళ్లలోఁ జాలభాగ మన్యదేశ్యములు. తెలుఁగువారి నోట నవి మాఱిన తీరును, వానిపైఁ బుట్టిన పొరపాటు కథలును విచారింపఁ దగినవి.

నడక బల్కంపేటలో నారంభించుట మేలు. ఇచ్చటి యెల్లమ్మగుడి తక్కిన గుళ్లవలె నెత్తునఁ గాక నేలమట్టమునకుఁ బల్లమున నున్నది. అమ్మవారు బావిలో వెలసినదని జనశ్రుతి. అందలి జలమును భక్తులు తీర్థముగా గ్రహింతురు. ఆషాఢమాసమునఁ గల్యాణోత్సవము జరుగును. దేవత పేరు తెలుఁగు. ఊరిపేరు మాత్రము ‘బెహలూఖాన్‌గూడ’ యనుదాని వికృతి యని చెప్పుదురు. గూడ పోయి పేట వచ్చుట వింత గాదు. తక్కినది వర్ణవికారమే: హకారము జాఱినది, ఖకార మల్పప్రాణమైనది, నకారము పకారము పరమగుటచే మకారధ్వని నొందినది.

అచ్చటినుండి దక్షిణముగా వచ్చు త్రోవలోఁ బ్రకృతిచికిత్సాలయ మున్నది. అది 1949లో స్థాపితము. పూర్వ మా యావరణ మమీరుగారి దేవిడి యని యందురు. ‘అమీరు’ అరబ్బీశబ్దము, ఆజ్ఞ యిచ్చువాఁడని ధాత్వర్థము. ‘అమీరె కబీర్’ అనఁగా మహాప్రభువు. ఇది పైగావంశపు ప్రభువైన ఫక్రుద్దీన్ ఖాను, షంసుల్ ఉమ్రా, వహించిన బిరుదము. ఆయన రెండవ నిజాము నిజాం ఆలీఖాను కూఁతురగు బషీరున్నిసా బేగమును బెండ్లియాడెను. పొరుగుననున్న బేగంపేట యామె పేరిట వెలసినది. భార్యాభర్త లిరువురును నిట్లు రెండు పేటలై యిరుగుపొరుగున నిలిచిరి! కొందఱీ బేగము నాఱవ నిజాము కూఁతురని వ్రాయుచున్నారు. అది పొసఁగదు. ఆఱవ నిజాము పుట్టినది 1866లో. ఫక్రుద్దీన్ ఖాను దానికి ముందే గతించెను.

ఈ ప్రభువునకు భౌతికశాస్త్రములయం దభినివేశము మెండు. పాశ్చాత్యగ్రంథముల నుర్దూలోనికి మార్పించి శిలాముద్రణమునఁ బ్రకటింపించెను. వానిలో ‘సిత్తయె షంసియ’ యను నాఱు గ్రంథముల సంపుటి ప్రసిద్ధము. ఆ విద్యాభిరుచి వంశమున నంతతో నాగలేదు. అమీరుపేట కూడలినుండి బేగంపేటవైపు కొంతదూరము నడచినఁ గనఁబడు నిజామియా వేధశాలయే యిందులకు సాక్ష్యము.

దానిని స్థాపించినవాఁ డా పైగావంశమువాఁడే యైన నవాబు జఫర్ జంగు. 15 అంగుళముల గ్రబ్బు దూరదర్శినిని దెప్పించి, 1901లో ఫిసల్‌బండాయందలి తన స్థలమున వేధశాల నెలకొల్పెను. ఆయన 1907లో మృతినొందఁగా, 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించెను. యంత్రములు బేగంపేటకుఁ జేరినవి. 1919లో నది యుస్మానియా విశ్వవిద్యాలయమున కప్పగింపఁబడెను. 1887లో బారిసునగరమునఁ దలపెట్టిన సర్వఖగోళపట నిర్మాణమునఁ బలుదేశముల వేధశాలలు పాలు పంచుకొన్నవి. వానిలో దక్షిణక్రాంతి 17 మొదలు 23 అంశలవఱకుఁ గల యాకాశభాగము హైదరాబాదువంతు. 8 అంగుళముల కుక్కు యంత్రముతోఁ దీసిన ఛాయాపటములనుండి లక్షలకొలఁది నక్షత్రముల స్థానము లిచ్చట గణింపఁబడినవి. పంచాంగము గుణించు పండితుఁడు చార్మినారుకంటె ముం దిచ్చట నిలువవలెను. 1968లో రంగాపురమున 48 అంగుళముల దూరదర్శిని వచ్చిన పిదప నిచ్చటి పని తగ్గినది. ఆవరణమున నార్థిక సామాజికాధ్యయన కేంద్రము వెలసినది. యంత్రములున్న గోపురములు మాత్రము చిరకాలము మఱమ్మతు లేక చివికినవి. నగరమున నింత యనాదరమునకుఁ బాత్రము గాని కట్టడ మింకొకటి లేదు.

వేధశాలనుండి దక్షిణమునకు మఱలినఁ బంజాగుట్ట కూడలి. ‘పంజ్’ అనఁగా నైదు గావున నిది యైదుగుట్టల చోటని పలువు రందురు. పారసీకపు ‘పంజ్’ సంస్కృతపు ‘పంచ’కుఁ దోఁబుట్టువే. అయినను నీ వ్యుత్పత్తికి రెండు చిక్కులు గలవు. హలంతములైన యన్యదేశ్యములు తెలుఁగున నుకారాంతములగుట వాడుక: బజార్ బజారు, అమీర్ అమీరు. కావునఁ బంజుగుట్ట కావలసినదే కాని దీర్ఘము రాఁగూడదు. పంజాబులోని దీర్ఘము నీరను నర్థముగల ‘ఆబ్’ శబ్దముది. అట్టి శబ్ద మిచ్చట లేదు. మఱియు సంఖ్య ముందున్నచోఁ దెలుఁగున బహువచనము వచ్చును. ఏడుకొండ లందుము గాని యేడుకొండ యనము. ఐదువ్రేళ్ల చేయి యను నర్థముగల ‘పంజా’ శబ్దమే మూలమనుట లక్షణమునకు దగ్గఱ. తెలంగాణపుఁ బల్లెలలోఁ బీర్లపండుగనాఁ డెత్తు చేతియాకృతిగల పీరును బంజా యనియే పిలుతురు.

కూడలి దాటినఁ గనఁబడు నిజాము పేరి వైద్యశాల మొద టెముకల వైద్యశాలగా వెలసినది, అది యిటీవలిది. దానిని విడిచి ఖైరతాబాదువైపు నడచినచో గుట్టమీఁద నెఱ్ఱమంజిల్ గలదు. పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున నవాబు ఫక్రుల్ ముల్కు దీనిఁ గట్టించెను. గదులు నూటయేఁబదికిఁ బైబడి యుండెను. గచ్చుపూఁతపై లతలు, పూవులు తీర్చిన పనితన మైరోపాపద్ధతిది.

ఈ పేరు మిక్కిలి వినోదకరము. ఆ గుట్టను బ్రజ లెఱ్ఱగుట్ట యనెడివారు. నవాబు తన భవనమునకు ‘ఇరంమంజిల్’ అని పేరిడెను. ‘ఇరం’ అనఁగా షద్దాదు నిర్మించెనని కథలలోఁ జెప్పు స్వర్గతుల్యమైన యుద్యానము. పారసీక మెఱిఁగినవాని కది నందనభవనము. గుట్టక్రింది రైతున కెఱ్ఱభవనము. మమ్మటుఁడు చెప్పిన యెనిమిది విధముల శ్లేషలో భాషాశ్లేషకు వాడుకభాషయం దింతకంటెఁ జక్కని యుదాహరణము దొరకుట కష్టము. ఆంగ్లలిపిలో వ్రాయు ‘ఎర్రం మంజిల్’లో రేఫద్విత్వము తెలుఁగుది, మొదటి మకారము ‘ఇరం’ శబ్దముది. కావున నెఱ్ఱమంజిల్ అనుట తప్పని దిద్దువారు కట్టించినవాని చమత్కారమునే చెఱుపుచున్నారు.

2019 జూనులోఁ దెలంగాణ ప్రభుత్వ మీ భవనమును బడఁగొట్టి యచ్చట నూతన శాసనసభాభవనము గట్ట నిశ్చయించెను. కొందఱు పౌరులు న్యాయస్థానమునకుఁ బోయిరి. 2019 సెప్టెంబరు 16న నున్నతన్యాయస్థాన మా మంత్రివర్గనిర్ణయమును గొట్టివేసెను. గోడ లట్లు దక్కినవి. నేఁడు గుట్టచుట్టును గార్యాలయములును నిండ్లును గ్రమ్ముకొన్నవి. పెద్దత్రోవపై మెట్రోరైలు వంతెన యడ్డమైనది. స్టేషను దిగి యెత్తున కెక్కినఁగాని భవనపు ముఖభాగము చూపునకుఁ జిక్కదు.