మీకు తెలుసా? జడ కూడా ఎక్స్‌రేలో మచ్చలా కనిపిస్తుంది

ఛాతీ ఎక్స్‌రేకి వెళ్లినప్పుడు జడను వీపు మీద, భుజం మీద వదిలేస్తే దాని నీడ ఊపిరితిత్తి పైకొనలో మసక మచ్చలా పడవచ్చు. పెద్దవాళ్లలో క్షయ ఎక్కువగా కనిపించేది కూడా ఆ పైకొనలోనే. ఇంకేముంది, లేని జబ్బు మీద అనుమానం, మళ్లీ ఎక్స్‌రే, మరో పరీక్ష, ఫలితం వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ కంటిమీద కునుకు ఉండదు. జడను నెత్తిమీదికి ముడివేసుకుంటే ఈ చిక్కే రాదు.

జాకెట్టు హుక్కులు, పిన్నీసులు, మొలతాడుకున్న వెండి బిళ్ల, తాయెత్తు, జేబులోని నాణేలు, ఫోను, అన్నీ ఇంతే. లోహం కిరణాలను ఆపేస్తుంది కాబట్టి దాని వెనక ఏముందో ఫిల్మ్‌లో కనబడదు. ఏ భాగానికి ఎక్స్‌రే తీస్తున్నారో ఆ భాగం మీద ఉన్నవి తీస్తే చాలు. మోకాలి ఎక్స్‌రేకి మెడలో గొలుసు తీయనక్కర్లేదు. పుస్తెలతాడు తీయడానికి మనసొప్పని తల్లులు ఎందరో ఉన్నారు. ఆ మాట మొహమాటపడకుండా టెక్నీషియన్‌కి ముందే చెప్పండి. కిరణాలు పడే చోటు నుంచి పక్కకు జరిపితే సరిపోతుందో లేదో ఆయనే చూసి చెబుతారు. చెప్పకుండా చీర కింద దాచుకుంటే మాత్రం ఆ ఫిల్మ్ పాడై, రెండోసారి తీయాల్సి వస్తుంది. రెండోసారి అంటే రెండింతల రేడియేషన్.

మూడు రోజుల వాటా

రేడియేషన్ అన్న మాట వినగానే గుండె ఝల్లుమంటుంది. కానీ మనం పుట్టినప్పటి నుంచీ అందులోనే బతుకుతున్నాం. ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాలు వస్తున్నాయి. నేలలోంచి రేడాన్ వాయువు పైకి వస్తోంది. గచ్చుకు పరిచిన గ్రానైట్‌లో, రోజూ తినే తిండిలోని పొటాషియంలో కూడా కాస్త కాస్త ఉంది. భీమిలి తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది, ఆ మోనజైట్‌లో థోరియం ఉంది. ఇవన్నీ కలిపి ప్రపంచ సగటున ఒక మనిషికి ఏడాదికి అందేది దాదాపు 2.4 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ మోతాదుకు కొలత).

ఎదురుగా నిలబెట్టి తీసే ఒక్క ఛాతీ ఎక్స్‌రేకి పడేది సుమారు 0.02 మిల్లీసీవర్ట్. అంటే మనం ఊరికే ఇంట్లో కూర్చున్నా మూడు రోజుల్లో అందే మోతాదు. చేతికి, కాలికి, పంటికి తీసే చిన్న ఎక్స్‌రేలలో ఇంకా తక్కువ. నడుముకు తీస్తే లెక్క మారుతుంది. అక్కడ కిరణాలు పొట్టనంతా దాటుకుని వెళ్లాలి కాబట్టి సుమారు ఒకటిన్నర మిల్లీసీవర్ట్ పడుతుంది, అంటే ఏడెనిమిది నెలల సహజ మోతాదు. పొట్టకు తీసే సీటీ స్కాన్‌లో ఎనిమిది దాకా, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. అది మూడేళ్ల సహజ మోతాదుకు పైమాటే.

సీటీ స్కాన్ కూడా ఎక్స్‌రేతో చేసేదేనని చాలామందికి తెలియదు. "ఎక్స్‌రే వద్దు డాక్టర్, స్కానింగే రాయండి" అని అడిగేవారు ఉన్నారు. వాళ్లు తప్పించుకోవాలనుకున్నదే వందల రెట్లు ఎక్కువగా పడుతుందన్నమాట. ఎక్స్ కిరణాలు లేనివి అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐ.

ఒక్క ఎక్స్‌రేలో పడే చిన్న మోతాదు వల్ల కలిగే కీడు నేరుగా కొలవలేనంత తక్కువ. అయినా మోతాదు పెరిగేకొద్దీ క్యాన్సర్ ముప్పు కాస్త కాస్త పెరుగుతుందనే లెక్కతోనే శాస్త్రవేత్తలు జాగ్రత్తలు నిర్ణయించారు. మన దేశంలో వీటిని చూసేది అణుశక్తి నియంత్రణ మండలి. ఎక్స్‌రే యంత్రం నడపాలంటే ఆ మండలి లైసెన్సు ఉండాలి. గది తలుపు మీద ఎర్రదీపం, రేడియేషన్ గుర్తు, గర్భిణులకు హెచ్చరిక బోర్డు ఉండాలి. అక్కడ పనిచేసేవారికి ఐదేళ్ల సగటు మీద ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదన్న పరిమితి ఉంది. ఎంత పడిందో తెలుసుకోవడానికే వాళ్లు బ్యాడ్జీ పెట్టుకుంటారు.

రోగికి మాత్రం అలాంటి పరిమితి ఏదీ లేదు. ప్రాణం నిలపడానికి పది ఎక్స్‌రేలు కావాలంటే పదీ తీయాల్సిందే కదా! అందుకే రోగి విషయంలో ఉన్న కంచె ఒక్కటే, అవసరం. "డాక్టర్ గారూ, ఇందులో ఏం తేలితే నా వైద్యం మారుతుంది?" అని అడగడం అమర్యాద కాదు. మంచి డాక్టరు ఆ ప్రశ్నకు సంతోషంగా జవాబు చెబుతారు.

నడుంనొప్పే తీసుకోండి. కొత్తగా పట్టుకున్న మామూలు నడుంనొప్పి ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఎక్స్‌రేలో కనిపించే "అరుగుదల" నలభై దాటిన వాళ్లలో, నొప్పి లేనివారికి కూడా తరచుగా కనిపిస్తుంది. ఆ మాట రిపోర్టులో చదివి వంగడానికే భయపడి, నెలల తరబడి మంచానికి అతుక్కుపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది. కిందపడి దెబ్బ తగిలినా, జ్వరం ఉన్నా, బరువు తగ్గిపోతున్నా, పూర్వం క్యాన్సర్ వచ్చి ఉన్నా సంగతి వేరు. కాళ్లలో పట్టు తప్పినా, మలమూత్రాల మీద అదుపు పోయినా క్షణం ఆలస్యం చేయకూడదు.

కడుపుతో ఉన్నానేమో

ఇది ఎక్స్‌రే గదిలోకి వెళ్లకముందే చెప్పాల్సిన మాట. నెల తప్పినా, తప్పిందేమోనన్న అనుమానం ఉన్నా చెప్పాలి. కొత్త కోడలికి అత్తగారి ముందు ఆ మాట నోట రాకపోవచ్చు. టెక్నీషియన్‌ని పక్కకు పిలిచి చెప్పినా చాలు, ఒక చీటీ మీద రాసిచ్చినా చాలు. అత్యవసరం కాకపోతే వాయిదా వేస్తారు, లేదా అల్ట్రాసౌండ్‌తో పని జరుగుతుందేమో డాక్టరు చూస్తారు.

మరి తెలియకుండా తీయించుకున్నాక గర్భం బయటపడితే? ఇక్కడే చాలా ఇళ్లలో అనవసరంగా కన్నీళ్లు కారుతున్నాయి. ఛాతీ ఎక్స్‌రేలో గర్భం దాకా చేరేది ఒక మిల్లీగ్రేలో నూరో వంతు కూడా ఉండదు (మిల్లీగ్రే అంటే ఒంట్లోకి ఇంకిన రేడియేషన్‌కి కొలత). పిండానికి లోపాలు రావచ్చన్న భయం మొదలయ్యేది 100 మిల్లీగ్రేల దగ్గర. ఈ రెంటికీ మధ్య పదివేల రెట్ల తేడా ఉంది! పన్ను, చెయ్యి, మోకాలు ఎక్స్‌రేల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక ఎక్స్‌రే పడిందన్న భయంతో గర్భం తీయించుకోవాల్సిన పని లేదు. పొట్టకు, తుంటికి సీటీ స్కాన్లు జరిగి ఉంటే మాత్రం ఆ కాగితాలు పట్టుకుని డాక్టరును కలవండి, ఎంత మోతాదు పడిందో లెక్క కడతారు. అందులోనూ ఎక్కువసార్లు లెక్క 100కి చాలా కిందే తేలుతుంది.

పాలిచ్చే తల్లులకు ఇంకో సందేహం. ఎక్స్‌రే యంత్రం మీట నొక్కినంతసేపే కిరణాలు. ఆ తర్వాత గదిలో ఏమీ మిగలదు, ఒంట్లో ఏమీ మిగలదు, పాలలోకి ఏమీ చేరదు. బయటికి రాగానే బిడ్డకు పాలివ్వచ్చు.

సీసపు ఆప్రాన్ కప్పలేదని కోప్పడకండి

పొత్తికడుపు మీద సీసపు ఆప్రాన్ కప్పడం దశాబ్దాలుగా ఆనవాయితీ. 2019లో అమెరికాలోని వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం ఇక దీన్ని రోజువారీ అలవాటుగా కొనసాగించనక్కర్లేదని చెప్పింది. కారణాలు రెండు. ఇప్పటి యంత్రాల్లో మోతాదు బాగా తగ్గిపోయింది. పైగా ఆ ఆప్రాన్ చూడాల్సిన భాగానికి అడ్డం వస్తే మళ్లీ తీయాలి. మోతాదును తనంతట తానే సర్దుకునే యంత్రమైతే, సీసం అడ్డం రాగానే కిరణాలను ఇంకా పెంచుతుంది. మన దగ్గర ఇప్పటికీ చాలాచోట్ల కప్పుతున్నారు. కప్పినా, కప్పకపోయినా అంతకంటే పెద్ద రక్షణ కిరణాలను కావలసినంత మేరకే కుదించి వేయడం.

చంటిపిల్లల్ని పట్టుకోవడానికి గదిలో ఎవరైనా ఉండాల్సి వస్తే, వాళ్లకు మాత్రం ఆప్రాన్ అడిగి తీసుకోండి. కడుపుతో ఉన్నవాళ్లు ఆ పని చేయకూడదు, తండ్రో, బాబాయో, అమ్మమ్మో పట్టుకుంటారు.

ఊపిరి బిగబట్టమనేది ఎందుకు?

1895 డిసెంబరు 22న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో ఎక్స్‌రేలను కనిపెట్టిన రాంట్‌జెన్ తన భార్య చేతికి ఎక్స్‌రే తీశాడు. ఆవిడ దాదాపు పావుగంట సేపు చెయ్యి కదపకుండా ఉంచింది. వేళ్ల ఎముకలు, వాటి మీద ఉంగరం, ఆ బొమ్మ లోకాన్ని ఆశ్చర్యంలో ముంచింది. ఈరోజు ఛాతీ ఎక్స్‌రేకి సెకనులో చిన్న భాగం చాలు. ఆ చిన్న భాగంలో కదిలినా బొమ్మ చెదురుతుంది.

ఊపిరి నిండా పీల్చి బిగబట్టమనడానికి ఇంకో కారణం ఉంది. సగం పీలిస్తే ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుని నెమ్ము పట్టినట్టు మసకగా కనిపిస్తుంది, గుండె ఉన్నదానికంటే పెద్దగా కనబడుతుంది. ఛాతీని ప్లేటుకు ఆనించి, భుజాలు ముందుకు వంచమనేది రెక్క ఎముకల నీడ ఊపిరితిత్తుల మీద పడకుండా. పడుకోబెట్టి ముందు వైపు నుంచి తీసిన ఎక్స్‌రేలోనూ గుండె పెద్దదిగా కనిపిస్తుంది. ఐసీయూలో తీసిన ఫిల్మ్ చూసి "గుండె వాచింది" అని బెంగపడే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఫిల్మ్‌లో నలుపు చూసి భయపడకండి. ఊపిరితిత్తుల్లో గాలి ఉంది కాబట్టే నల్లగా ఉంటాయి. ఎముకలో కాల్షియం ఉంది కాబట్టి తెల్లగా కనిపిస్తుంది.

ఎముకకు ఒకే ఎక్స్‌రే చాలదా, రెండెందుకు, బిల్లు పెంచడానికా అన్న అనుమానం కొందరికి. ఎదురుగా చూస్తే కనబడని పగులు పక్క నుంచి చూస్తే బయటపడుతుంది. రెండు వైపులా తీయకపోతే తీసినట్టే కాదు. మణికట్టులో స్కేఫాయిడ్ అనే చిన్న ఎముక మరీ మొండిది. విరిగిన రోజున మామూలుగా కనిపించి, పది పద్నాలుగు రోజుల తర్వాత తీసిన ఎక్స్‌రేలో బయటపడుతుంది. "ఏమీ లేదన్నారు కదా" అని ఊరుకోకుండా, నొప్పి తగ్గకపోతే మళ్లీ వెళ్లాలి.

ఎక్స్‌రేకి అందనివీ చాలా ఉన్నాయి. నరం, కండరం, లిగమెంటు, వెన్నులోని డిస్కు, మెదడు, ఇవేవీ ఇందులో తేలవు. పిల్లలు మింగిన నాణెం స్పష్టంగా కనిపిస్తుంది, ప్లాస్టిక్ ముక్క కనిపించదు, చేపముల్లు చాలాసార్లు కనిపించదు. గుండ్రంగా ఉండి అంచు రెండు వలయాల్లా కనిపిస్తే అది నాణెం కాదు, బటన్ బ్యాటరీ. అది గొంతు దిగువ ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చేస్తుంది. పిల్లవాడు ఏం మింగాడో తెలిస్తే, అలాంటిదే ఇంకోటి ఇంట్లో ఉంటే చేతపట్టుకుని పరుగెత్తండి.

దగ్గు లేకపోయినా

మన దేశంలో 2019-21 మధ్య జరిగిన జాతీయ క్షయ సర్వేలో ఒక గొప్ప సంగతి తేలింది. ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే 42.6 శాతం రోగులు దొరికేవారే కాదు. అందుకే ఇప్పుడు చేత్తో పట్టుకెళ్లే చిన్న ఎక్స్‌రే యంత్రాలతో పల్లెలకే వస్తున్నారు. వస్తే వెళ్లి తీయించుకోండి. అయితే ఎక్స్‌రే అనుమానం మాత్రమే చెబుతుంది, క్షయ అని తేల్చేది కళ్లె పరీక్ష.

గల్ఫ్ ఉద్యోగాల వైద్య పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. ఎప్పుడో వచ్చి పూర్తిగా నయమైన క్షయ మచ్చ ఉన్నా అక్కడ అన్‌ఫిట్ అనవచ్చు. కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి, కడప నుంచి, కోనసీమ నుంచి వెళ్లేవారు ఎంతోమంది. పూర్వం టీబీ మందులు వాడినవారు ఏజెంటు చేతిలో అప్పు తెచ్చిన డబ్బు పెట్టకముందే పాత ఫిల్మ్ ఒక డాక్టరుకు చూపించి, మచ్చ మిగిలిందో లేదో తెలుసుకోవడం మేలు.

కొన్ని ఎక్స్‌రేలకు ముందే సిద్ధం కావాలి. బేరియం అనే మందు తాగించి తీసే ఎక్స్‌రేకి ముందు రాత్రి నుంచి ఏమీ తినకూడదు. తర్వాత ఒకటి రెండు రోజులు విరేచనం తెల్లగా వస్తుంది, కంగారు వద్దు. మలబద్ధకం రాకుండా నీళ్లు బాగా తాగండి. నరంలోకి అయోడిన్ మందు ఎక్కించి తీసేదైతే ఉబ్బసం, అలర్జీ, కిడ్నీ జబ్బు, షుగరు మాత్రలు ఏవున్నా ముందే చెప్పాలి.

ఇక పాత ఫిల్ములు. ఇంట్లో బీరువా మీద దుమ్ము పట్టి పడి ఉండే ఆ కవరుకి ఉన్న విలువ చాలామందికి తెలియదు. ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనిపించిందనుకోండి. రెండేళ్ల కిందటి ఎక్స్‌రేలోనూ అదే గడ్డ అదే సైజులో ఉంటే అది సాధారణంగా ప్రమాదకరం కాదు. ఆ పాత ఫిల్మ్ లేకపోతే సీటీ స్కాన్, ఒక్కోసారి సూదితో ముక్క తీసే పరీక్ష దాకా వెళ్లాలి. కాబట్టి వెళ్లేటప్పుడు పాతవి వెంట తీసుకెళ్లండి. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో సన్నని గీతలు తెలియవు, సీడీ కూడా అడిగి తీసుకోండి. ఇప్పుడిచ్చే ఫిల్ములు చాలావరకు వేడితో అచ్చు వేసినవి. మే నెలలో ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే నల్లబడిపోతాయి.