ఆ ఇద్దరి కోసం వేల ఉత్తరాలు!

టీవీలో డిటెక్టివ్ సీరియల్ అనగానే మనలో చాలామందికి ఎవరు గుర్తొస్తారు? దూరదర్శన్ రోజుల్లో క్యారెట్ నములుతూ కేసులు తేల్చేసిన కరమ్‌చంద్! పక్కనే అమాయకంగా ఏదో ఒకటి అని 'షటప్ కిట్టీ' అనిపించుకునే కిట్టీ. 1985లో ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకున్న జంట అది. తెలివితేటలన్నీ ఆయనవి, చీవాట్లన్నీ ఆవిడవి!

సరిగ్గా అదే సంవత్సరం అమెరికాలో మరో డిటెక్టివ్ జంట గురించి దేశమంతా వాదించుకుంది. ఆ జంటలో ఇద్దరూ ఆడవాళ్ళే. ఒకరి నోరు ఒకరు మూయించరు. పోట్లాడుకుంటారు, అలుగుతారు, మళ్ళీ ఒకే కారెక్కి డ్యూటీకి వెళ్తారు. ఆ సీరియల్ పేరు 'క్యాగ్నీ అండ్ లేసీ'. దాన్ని ఆపేస్తే ప్రేక్షకులు ఊరుకోలేదు. అందులో ఒక ఎపిసోడ్ వస్తుందంటే కొందరు దాన్ని ఆపమన్నారు. రెండు కథలూ తెలుసుకోదగ్గవే.

ఎవరీ ఇద్దరు?

న్యూయార్క్ నగరంలో ఒక పోలీసు స్టేషన్. అక్కడ క్రిస్టీన్ క్యాగ్నీ, మేరీ బెత్ లేసీ ఇద్దరూ డిటెక్టివ్‌లు. క్యాగ్నీకి పెళ్ళి కాలేదు, చేసుకోవాలన్న తొందరా లేదు. ఉద్యోగంలో పైకి రావాలన్నదే ఆమె తపన. తండ్రి చార్లీ రిటైరైన పోలీసు, తాగుడు అలవాటు. లేసీది పూర్తిగా వేరే లోకం. ఇద్దరు మగపిల్లల తల్లి, నెల తిరిగేసరికి లెక్కలు చూసుకునే ఇల్లాలు. భర్త హార్వే భవన నిర్మాణ పనులకు వెళ్తాడు. పని దొరకని రోజున గరిటె పట్టుకుని వంటింట్లో నిలబడతాడు, అందుకు చిన్నబోడు.

స్టేషన్‌లో ఇద్దరికీ మనసు విప్పి మాట్లాడుకునే చోటు ఏదో తెలుసా? ఆడవాళ్ళ బాత్‌రూమ్! మగవాళ్ళు అడుగుపెట్టలేని గది అదొక్కటే మరి. ఆఫీసుల్లో పనిచేసే వాళ్ళకి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

ఏడేళ్ళ ఎదురుచూపు

ఈ కథ రాసింది బార్బరా ఆవెడన్, బార్బరా కార్డే అనే ఇద్దరు స్నేహితురాళ్ళు. రాసింది 1974లో. నిర్మాత బార్నీ రోజెన్‌జ్వైగ్. సినిమాల్లో మగ స్నేహితుల జంటలు బోలెడు, ఆడవాళ్ళ జంట ఒక్కటీ లేదేం అన్న ప్రశ్నే దీనికి పునాది. రచయిత్రులు నిజం పోలీసు ఉద్యోగినులతో తిరిగి, వాళ్ళ మాట, నడక చూసి మరీ రాశారు. కానీ గ్లామర్ తారలుంటే తప్ప సినిమా తీయమన్నారు స్టూడియోల వాళ్ళు. అలా ఏళ్ళు గడిచాయి. చివరికి 1981 అక్టోబర్‌లో సీబీఎస్ ఛానల్‌లో టెలిఫిల్మ్‌గా వచ్చింది. జనం విరగబడి చూశారు. దాంతో 1982 మార్చిలో సీరియల్ మొదలైంది.

లేసీగా మొదటి నుంచీ చివరిదాకా నటించింది టైన్ డాలీ. క్యాగ్నీ పాత్ర మాత్రం ముగ్గురి చేతులు మారింది. టెలిఫిల్మ్‌లో లొరెట్టా స్విట్. సీరియల్ మొదటి ఆరు ఎపిసోడ్లలో మెగ్ ఫోస్టర్. ఆ తర్వాత షారన్ గ్లెస్. ఫోస్టర్‌ని ఎందుకు మార్చారయ్యా అంటే, ఈ ఇద్దరూ మరీ మొరటుగా, మరీ 'స్త్రీవాదుల్లా' ఉన్నారని ఛానల్ పెద్దలకు అనిపించిందట! నేరస్తుణ్ణి వెంటాడే డిటెక్టివ్ సుకుమారంగా ఉండాలా? మగ డిటెక్టివ్‌ని ఎవరైనా ఈ మాట అడిగారా?

ఉత్తరాల వాన

ఇంత మార్చినా రేటింగ్ చాల్లేదంటూ 1983లో సీరియల్‌ని రద్దు చేశారు. మామూలుగా అయితే కథ అక్కడితో సరి. కానీ నిర్మాత ప్రేక్షకులని ఉత్తరాలు రాయమన్నాడు. రాశారు! ఛానల్‌కి, పత్రికలకి వేల ఉత్తరాలు వెళ్ళాయి. రాసినవాళ్ళలో ఉద్యోగినులున్నారు, గృహిణులున్నారు, ఒంటరిగా బతుకుతున్నవాళ్ళున్నారు.

ఆ ఉత్తరాలని తర్వాత జూలీ డాచీ అనే పరిశోధకురాలు చదివి, ఈ సీరియల్ మీద 1994లో ఒక పుస్తకమే రాశారు. ఉత్తరాల్లో మళ్ళీ మళ్ళీ వినిపించిన మాట ఒకటే. వీళ్ళు నిజం ఆడవాళ్ళలా ఉన్నారు, మాలాగా ఉన్నారు అని. అంతకుముందు వాళ్ళు చూసిన 'చార్లీస్ ఏంజెల్స్' లాంటి సీరియల్స్‌లో డిటెక్టివ్ అమ్మాయిలు దొంగ వెంట పరుగెత్తినా జుట్టు చెదిరేది కాదు. లేసీకి అలసట వస్తుంది. క్యాగ్నీకి కోపం వస్తుంది, తప్పులూ చేస్తుంది. ప్రేక్షకులకు నచ్చింది అదే.

ఆ వేసవిలో పాత ఎపిసోడ్లు మళ్ళీ వేస్తే చూసేవాళ్ళు పెరిగారు. సెప్టెంబర్‌లో టైన్ డాలీకి ఉత్తమ నటిగా ఎమ్మీ అవార్డు వచ్చింది. సీబీఎస్ దిగివచ్చింది. 1984 మార్చిలో సీరియల్ మళ్ళీ మొదలై 1988 మే దాకా నడిచింది. 1983 నుంచి 1988 వరకు ఆరేళ్ళూ ఉత్తమ నటి ఎమ్మీ ఈ ఇద్దరిలో ఒకరికే దక్కింది. నాలుగుసార్లు డాలీకి, రెండుసార్లు గ్లెస్‌కి. 1985, 1986లలో ఉత్తమ డ్రామా సీరియల్ కూడా ఇదే.

చిచ్చు రేపిన ఎపిసోడ్

1985 నవంబర్ 11న వచ్చిన ఎపిసోడ్ పేరు 'ది క్లినిక్'. అబార్షన్లు చేసే ఆస్పత్రిలో బాంబు పేలుతుంది. కేసు మన ఇద్దరి చేతికి వస్తుంది. ఇది ఊహించి రాసిన నేరం కాదు. అంతకుముందు ఏడాది, 1984 క్రిస్మస్ రోజునే ఫ్లోరిడాలోని పెన్సకోలా ఊళ్ళో ఇలాంటి చోట్ల నిజంగానే బాంబులు పేలాయి.

అప్పటికి లేసీ గర్భవతి. నటి టైన్ డాలీ కూడా అదే ఏడాది నిజంగా బిడ్డను కన్నారు. కడుపులో బిడ్డను మోస్తూ ఈ కేసు చూస్తున్న లేసీ, నిర్ణయం ఆ స్త్రీదే అంటుంది. చిన్న వయసులో తనూ ఒకప్పుడు ఆ బాధ పడ్డానని బయటపెడుతుంది. క్యాగ్నీ క్యాథలిక్ కుటుంబంలో పెరిగింది. ఆమె మనసు ఎటూ తేలదు. బాంబు పెట్టినవాణ్ణి పట్టుకోవాలన్న విషయంలో ఇద్దరికీ తేడా లేదు. మిగతా విషయంలో ఇద్దరిదీ ఒక దారి కాదు.

ప్రసారానికి ముందే రగడ మొదలైంది. ఇది ఏకపక్షంగా ఉందనీ, గర్భస్రావాన్ని వ్యతిరేకించే తమ వాదనకు న్యాయం జరగలేదనీ నేషనల్ రైట్ టు లైఫ్ కమిటీ ఆక్షేపించింది. ప్రసారం ఆపమని కోరింది. స్త్రీల హక్కుల సంఘాలు సీరియల్‌ని సమర్థించాయి. భిన్నాభిప్రాయాలు పాత్రల నోటనే వినిపించామని నిర్మాత పక్షం వాదించింది. సీబీఎస్ వెనక్కి తగ్గలేదు, ఎపిసోడ్ వచ్చింది.

అక్కడ ఆ వాదం ఇప్పటికీ తెగలేదు. అబార్షన్ స్త్రీ హక్కు అని 1973లో చెప్పిన అమెరికా సుప్రీంకోర్టే 2022లో ఆ తీర్పును కొట్టేసింది. అందుకే ఆ ఎపిసోడ్ ఇవాళ చూసినా పాతబడినట్టు అనిపించదు.

స్నేహమంటే తలూపడం కాదు

వాదం ఎటు తేలినా, ఆ ఎపిసోడ్‌లో గమనించాల్సింది ఇంకొకటుంది. ఇంత పెద్ద విషయంలో అభిప్రాయం కలవకపోయినా ఆ ఇద్దరి జట్టు చెడలేదు. 'నువ్వు నాతో ఏకీభవించకపోతే మన మధ్య మాటల్లేవు' అని ఎవరూ అనలేదు.

ఆ ఏడాదే ఫిబ్రవరిలో వచ్చిన మరో కథ చూడండి. లేసీకి రొమ్ములో గడ్డ కనిపిస్తుంది. ఎవరికీ చెప్పకుండా, డాక్టర్ దగ్గరికి వెళ్ళకుండా రోజులు నెడుతుంది. భయం! వెంటపడి, కోప్పడి ఆస్పత్రికి వెళ్ళేలా చేసేది క్యాగ్నీయే. రొమ్ము మొత్తం తీసేయకుండా గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చే పద్ధతి కూడా ఉందని ఆ కథ చెప్పింది. 1987లో క్యాగ్నీ తాగుడుకి బానిసైనప్పుడు లేసీ వంతు వచ్చింది. చూసీ చూడనట్టు ఊరుకోలేదు. నీకు జబ్బు ఉంది అని మొహం మీదే చెప్పింది. ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో, వినడానికి అంతకు రెట్టింపు కావాలి.

మరి మన మాటేమిటి?

మన దగ్గరా మార్పు రాకపోలేదు. 1989లో దూరదర్శన్‌లో 'ఉడాన్' వచ్చింది. ఐపీఎస్ అధికారి కంచన్ చౌదరి జీవితం ఆధారంగా ఆమె చెల్లెలు కవితా చౌదరే తీసి, నటించిన సీరియల్ అది. కంచన్ గారు 2004లో ఉత్తరాఖండ్ డీజీపీ అయ్యారు. దేశంలో ఆ పదవి అందుకున్న మొదటి మహిళ ఆవిడే.

అయినా, మన సీరియల్స్‌లో ఇద్దరాడవాళ్ళు ఎదురుపడితే ఏం చేస్తున్నారు? అత్త మీద కోడలు, తోడికోడలి మీద తోడికోడలు ఎత్తులు వేసుకుంటున్నారు. కలిసి ఒక పని తలకెత్తుకుని పూర్తిచేసే ఇద్దరు స్నేహితురాళ్ళ కథ చివరిసారి ఎప్పుడు చూశారో గుర్తుతెచ్చుకోండి.

'టీవీలో ఏదేస్తే అదే చూడాలి, మన చేతుల్లో ఏముంది' అని మనం తరచు అంటుంటాం. 1983లో ఆ ప్రేక్షకుల చేతుల్లో ఉన్నది ఒక కలం, ఒక కవరు. నచ్చనిదాన్ని తిట్టుకుంటూ చూడటం మనకు అలవాటే. నచ్చినదాన్ని నచ్చిందని గట్టిగా చెప్పడం కూడా అలవాటు చేసుకుంటే? ఈసారి ఏ సీరియల్‌లోనైనా మనలాంటి మనిషి కనిపిస్తే, ఆ మాట వాళ్ళ చెవిన వేద్దాం. ఏమంటారు?