వార్తల్లో పదం: డాకింగ్

కక్ష్యలో తిరుగుతున్న అంతరిక్ష కేంద్రానికి లేదా మరో నౌకకు వ్యోమనౌక వెళ్లి అనుసంధానం కావడమే డాకింగ్. వ్యోమగాములు మారాలన్నా, వారికి ఆహారం, నీరు, ప్రయోగ పరికరాలు అందాలన్నా ఇది సజావుగా సాగాలి.

ఎలా జరుగుతుంది?
అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. నౌక మొదట దానికన్నా దిగువ కక్ష్యలోకి చేరుతుంది. అక్కడ ఒక్కో చుట్టు త్వరగా పూర్తవుతుంది కాబట్టి క్రమంగా కేంద్రాన్ని అందుకుంటుంది. తర్వాత ఎత్తు పెంచుకుంటూ, చివర్లో సెకనుకు కొన్ని సెంటీమీటర్ల వేగంతోనే దగ్గరవుతుంది. కొక్కేలు బిగిశాక, గాలి లీక్ కావడం లేదని తేలాకే తలుపులు తెరుస్తారు.

తొలి అడుగులు
1966 మార్చి 16న అమెరికా నౌక జెమినీ-8లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్ తొలి డాకింగ్ చేశారు. 1978లో సోవియట్ యూనియన్ ప్రోగ్రెస్-1తో మానవరహిత సరకు రవాణా మొదలుపెట్టింది. 1997 జూన్ 25న మరో ప్రోగ్రెస్ నౌక మిర్ కేంద్రాన్ని ఢీకొట్టడంతో ఒక మాడ్యూల్‌కు చిల్లు పడింది. సిబ్బంది ఆ మాడ్యూల్‌ను వెంటనే మూసేసి ప్రాణాలు కాపాడుకున్నారు.

భారత్ ఎక్కడుంది?
2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న డాకింగ్ పూర్తిచేశాయి. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఈ ఘనత మనదే. అదే ఏడాది జూన్ 26న భారత వ్యోమగామి శుభాంశు శుక్లా ప్రయాణించిన డ్రాగన్ నౌక అంతర్జాతీయ కేంద్రాన్ని చేరింది. 2035 నాటికి సొంత కేంద్రం నిర్మించాలన్న మన లక్ష్యానికి డాకింగ్ నైపుణ్యమే పునాది.