మిక్సీ ఆగినంత మాత్రాన మోటారు కాలినట్లు కాదు

మన సరిహద్దు గ్రామాలలో రోలు, సన్నికల్లు పెరటి మూలకు చేరి చాలా కాలమైనది. తమిళనాడు వైపున 2011 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం రేషన్ కార్డు గల కుటుంబాల మహిళలకు మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా ఇచ్చే పథకం ఆరంభించిన పిమ్మట మిక్సీ లేని ఇల్లు అరుదైనది. ఆనాటి యంత్రాలకు ఇప్పుడు పదేళ్లు దాటినవి. అవి ఒక్కొక్కటిగా మొరాయించడం సహజమే. అయితే అందులో నిజంగా మోటారు కాలినవి ఎన్ని, కాలినవని చెప్పి డబ్బు గుంజినవి ఎన్ని అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు అనుభవం మీద కలిగినది. మూడేళ్ల క్రితం ఉగాది ముందురోజున మా ఇంటి మిక్సీ ఆగిపోయినది. పట్నంలోని ఒక దుకాణానికి తీసుకొని వెళ్లితిని. అతడు మూత కూడా విప్పక, వాసన చూచి, "మోటారు కాలిపోయింది సార్, వైండింగు కట్టాలి, 1,200 అవుతుంది" అన్నాడు. ఇచ్చితిని. రెండు నెలలకే మిక్సీ మరల ఆగినది. ఈసారి బోరు మోటార్లకు వైండింగు కట్టే ఒక విద్యార్థి తండ్రి దానిని నా కళ్ల ముందే విప్పి చూపించారు. తీగల మీద ఏళ్లనాటి దుమ్ము అట్లే ఉన్నది; వైండింగు ఎవరూ ముట్టనేలేదు. కార్బన్ బ్రష్షులు మాత్రం శనగగింజంత మిగిలి ఉన్నవి. వాటి వెనుకనున్న స్ప్రింగులను సాగదీసి పంపి ఉంటారని ఆయన అభిప్రాయం. కొత్త బ్రష్షుల జత ధర 40 రూపాయలు. తరగతిలో విద్యుత్ మోటారు పాఠం చెప్పే నేనే ఇట్లు మోసపోయితిని గదా అని సిగ్గుపడితిని.

మిక్సీ మోటారులో తిరిగే భాగమునకు విద్యుత్తును అందించేవి ఈ రెండు కార్బన్ బ్రష్షులే. మన పలకమీది బలపం వలె ఇవి అరుగుటకే పుట్టినవి. స్ప్రింగులు వాటిని రాగి పట్టీల చక్రమునకు ఆనించి ఉంచును. ఆ చక్రము నిమిషమునకు వేల సార్లు తిరుగును గనుక రాపిడికి బ్రష్షులు కొంచెం కొంచెంగా తగ్గిపోవును. పొట్టివైన బ్రష్షు సరిగా ఆనదు. పెద్ద నిప్పురవ్వలు లేచును, వాసన వచ్చును, వేగం తగ్గును, చివరకు కదలనే కదలదు. దానిని చూచి మోటారు కాలినదని భయపడుదుము. చిన్న నీలిరవ్వలు మాత్రం మామూలే, వాటికి భయపడనక్కరలేదు.

మోటారు హోరు వినబడుచు బ్లేడు తిరగకున్నచో దోషము కప్లరుది. జారు అడుగుభాగమును మోటారుకు కలిపే ఈ రబ్బరు లేదా ప్లాస్టిక్ పూవు, ఎండు పసుపుకొమ్ములో కొబ్బరిచిప్ప ముక్కో అడ్డుపడినప్పుడు తాను విరిగి మోటారును కాపాడును. దీనిని ఇంట్లోనే మార్చుకొనవచ్చును. ముందుగా ప్లగ్గు పీకివేయవలెను. స్విచ్చి ఆర్పినంత మాత్రాన చాలదు. చాలా మిక్సీలలో కప్లరు మరవలె ఇరుసుకు బిగిసి ఉండును. ఇరుసును కదలకుండా పట్టుకొని, బ్లేడు తిరిగే దిక్కునకే కప్లరును తిప్పిన ఊడివచ్చును. ఎదురు దిక్కునకు తిప్పితే ఇంకా బిగియును. ఈ ఒక్క సంగతి తెలియక కప్లరును సుత్తితో కొట్టి ఇరుసును వంచుకొన్నవారిని ఎరుగుదును. కొన్నిటిలో ఇరుసు అడుగుకొనకు స్క్రూడ్రైవరు పట్టే గాడి ఉండును. మిక్సీని పక్కకు వంచి అక్కడ పట్టుకొనవచ్చును.

శబ్దమే లేనప్పుడు మొదట అదే ప్లగ్గులో వేరొక పరికరము పెట్టి కరెంటు ఉన్నదో లేదో చూడండి. పిమ్మట మిక్సీ అడుగున గల చిన్న బొత్తామును వెదకండి. భారము ఎక్కువై మోటారు వేడెక్కినప్పుడు అది తనంతట తానే బయటకు వచ్చి కరెంటును ఆపును. పది, పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి లోనికి నొక్కిన చాలు. ఈ బొత్తామును నొక్కినందుకే డబ్బు తీసుకొన్న దుకాణాలు లేకపోలేదు.

మోటారు చెడుటకు అసలు మూలము చాలా ఇండ్లలో జారు. జారు అడుగున బ్లేడు ఇరుసు చుట్టూ ఉండే సీలు అరిగినచో చట్నీ నీరు బొట్టుబొట్టుగా కప్లరు మీదికి, అక్కడినుండి మోటారులోనికి దిగును. అడుగున నల్లని చెమ్మ కనబడిన నాడే ఆ జారును బుష్షు, సీలు మార్పించుటకు పంపవలెను. మరొక సంగతి. శబ్దం తగ్గునని మన ఆడవారు మిక్సీ కింద మడత వస్త్రం పరచుదురు. గాలి పీల్చుకొనే రంధ్రాలు అడుగునే ఉన్నవి గనుక అది మోటారుకు ఊపిరాడకుండా చేయుటయే. ఐదు నిమిషాలు నడిపితే రెండు నిమిషాలు ఆపుట మంచిది.

ఇక విడిభాగాల సంగతి. ఏది కొనబోయినను పాత భాగమును చేతిలో పట్టుకొని పోవలెను. కప్లరులో పళ్ల సంఖ్య, రంధ్రపు మరలు, బ్రష్షులో పొడవు, వెడల్పు, మందము సరిపోవలెను. వెంట్రుకవాసి మందము ఎక్కువైనను గూటిలో బిగుసుకొని జారదు. బ్రష్షులు ఎప్పుడూ జతగానే మార్చవలెను. భాష గురించి సందేహం వద్దు: హోసూరులో తమిళంలో అడిగినా, కోలారులో కన్నడంలో అడిగినా, కుప్పంలో తెలుగులో అడిగినా కప్లరు, కార్బన్ బ్రష్షు, బుష్షు అన్న మాటలు మూడు చోట్లా ఒక్కటే. ఇవి పదుల రూపాయలలో దొరికే వస్తువులు. కంపెనీ పేరు గల ముక్క కొంచెం ఖరీదైనను కప్లరు విషయంలో అదే కొనుమని నా సలహా. నాసిరకం రబ్బరు నెలలో చీలును. గ్యారంటీ కాలం మిగిలి ఉన్నచో మాత్రం సొంతంగా విప్పవద్దు.

మిక్సీనుండి పొగ వచ్చి, ఆన్ చేసిన ప్రతిసారీ ఫ్యూజు పోవుచున్నచో వైండింగు కాలి ఉండవచ్చును. అప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: తీగ రాగిదా, అల్యూమినియముదా? ఎన్ని నెలల హామీ? పాత తీగ నాకు తిరిగి ఇత్తువా? మూడవ ప్రశ్నకు తడబడినవాని వద్ద మిక్సీ విడువవద్దు.

బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లలు తెచ్చి ఇచ్చిన వాక్యూమ్ క్లీనర్లు కొన్ని ఇండ్లలో అటక మీద ఉన్నవి. వాటిలోనిది కూడా సాధారణంగా బ్రష్షుల మోటారే. పీల్చుట తగ్గినదంటే ముందు సంచి, వడపోత గుడ్డ, గొట్టము దులపండి. చాలా యంత్రాలలో మోటారును చల్లబరచేది ఆ పీల్చే గాలియే గనుక, దుమ్ము నిండినచో మోటారు వేడెక్కి చెడును.

వినియోగదారులు బాగుచేయించుకొనే సమాచారమును కంపెనీలనుండి పొందుటకై కేంద్ర ప్రభుత్వము 2022 డిసెంబరు 24న ఒక వెబ్‌సైటును ఆరంభించినది. చేయని పనికి డబ్బు తీసుకొన్నారని తోచినచో జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు తెలుగు, తమిళం, కన్నడ భాషలలోనూ ఫిర్యాదు చేయవచ్చును. అందుకు రసీదు కావలెను. నేను ఆనాడు అడగలేదు.