ఇనుపత్రాళ్ల యరుగుదలను గుర్తించుట, సరిచేయుట

2024 సం॥ ఆగష్టు 10 వ తేది రాత్రి తుంగభద్ర జలాశయపు 33 గేట్లలో 19 వ గేటునకు గల గొలుసు తెగి, గేటు నీటిలో కొట్టుకొనిపోయెను. జలాశయ మప్పుడు నిండియుండెను. దేవరగట్టు ప్రాంతము మొదలు ఆదోని, ఎమ్మిగనూరు వఱకు దిగువకాలువనే నమ్మి సేద్యము చేయు రైతులకు ఆ వార్త యెట్లు తాకినదో వేఱుగ జెప్ప నక్కఱలేదు. పోయిన గేటు చోట పని చేయుటకు వీలుగ నీటిమట్టమును తగ్గింపవలసి, తక్కిన గేట్లనుగూడ నెత్తి నిలువ నీటిని నదిలోనికి విడిచిరి. కన్నయ్యనాయుడుగారి పర్యవేక్షణమున ఉక్కుపలకలను ఒకదానిపై నొకటి దింపి ఆగష్టు 17 వ తేదికి ఆ ద్వారమును మూసిరి. తరువాత వానలు కురిసి జలాశయము మరల చాలవఱకు నిండుట మన యదృష్టము. అయినను గేట్ల బలముపై సందేహముచే 2025 సం॥ వానకాలమున 80 టీ.ఎం.సీ.లకు మించి నీరు నిలుపరైరి. ఒక్క గొలుసు తెగుటచే గలిగిన నష్టము రెండవ యేటికిని వచ్చినది.

జలాశయపు గేట్లను పరీక్షించుట ఇంజనీర్ల పని. కాని బరువు నెత్తు ఇనుపత్రాడు, గొలుసు మన పొలములలోను గలవు. బోరులోని మోటారును పైకి దీయు యంత్రమునకు ఇనుపత్రాడు, ముక్కాలికి వ్రేలాడు కప్పీకి గొలుసు ఉండును. అవి తెగినచో మోటారు, గొట్టములు బోరులో బడి బోరే చెడును. క్రింద నిలిచినవానికి ప్రాణాపాయము. కపిల నడచిన దినములలో మన పెద్దలు మోకును ప్రతిదినము చేతితో తడవి చూచిన పిదపనే యెద్దులను గట్టెడివారు. ఇనుపత్రాడు గట్టిగ గానవచ్చుటచే ఆ యలవాటు తప్పినది.

ఇనుపత్రాడు పెక్కు సన్నతీగలను పేటలుగ నల్లి, సామాన్యముగ ఆఱు పేటలను ఒక నడిమి నారచుట్టు మెలివేసి చేయబడును. ఆ నార నూనెను దాచియుంచి తీగలకు లోపలినుండి అందించుచుండును. నార యెండినప్పుడు పేటలు ఒకదానినొకటి రాచుకొని లోపలనే యరుగును. కావున పైకి నిగనిగలాడు త్రాడును నమ్మరాదు. పేటల సందులనుండి ఎఱ్ఱని పొడి రాలుచున్నచో లోపల తుప్పు పట్టినదని యెఱుగవలెను.

మచిలీపట్టణమువంటి తీరప్రాంతములలో ఉప్పుగాలి జింకుపూతను తినివేయును. అక్కడివారు త్రాడును మంచినీటితో కడిగి, ఆరిన పిదప నూనె పెట్టుట మేలు. మన సీమలో ఉప్పుగాలి లేదు గాని దుమ్ము గలదు. దుమ్ము గ్రీజుతో గలిసి ఆకురాయివలె తీగలను అరగదీయును. పాత గ్రీజును తీయక క్రొత్తది పూయుట రోగమును దుప్పటితో గప్పుటయే. ఉప్పునీటి బోరులలో మునుగు భాగమునకు తీరమునందలి బాధయే కలుగును.

పరీక్షింపునప్పుడు బరువు దింపి, దళసరి గుడ్డతో త్రాడును తుడుచుచు పోవలెను; వట్టిచేతితో పట్టరాదు. గుడ్డ తగులుకొన్న చోటనెల్ల తీగ తెగియుండును. ఒక పేట త్రాటిచుట్టు ఒకమాఱు తిరిగివచ్చు నిడివిలో, మొత్తముమీద ఆఱు తీగలు గాని, ఒక్క పేటలోనే మూడు గాని తెగియున్నచో ఆ త్రాడు పనికిరాదు. లావునుగూడ కొలువవలెను: 12 మిల్లీమీటర్ల త్రాడు 11 కంటె తగ్గినచో మార్చుట మంచిది. కప్పీమీద వంగు చోటు, డ్రమ్మునకు బిగించిన కొస, క్లిప్పుల క్రింది భాగము, ఈ మూడింటిని తప్పక చూడుడు. త్రాడు తఱచుగ దెగు తావు లివియే. మెలిపడి వంకర తేలిన త్రాటిని సుత్తితో గొట్టి చక్కజేసినను పోయిన బలము రాదు.

గొలుసునకు వేఱు కొలత. క్రొత్తదిగ నున్నప్పుడు పదిలింకులు 40 అంగుళములున్నచో, అవి 42 కు సాగిన గొలుసును విడిచిపెట్టవలెను. లింకులు ఒకదానినొకటి తాకుచోటున అరుగుదలయు, అతుకులవద్ద బీటయు గలవేమో చూడవలెను.

తెగిన త్రాటిని ముడివేసి వాడుట మన గ్రామములలో మిక్కిలి గలదు. ముడి త్రాటి బలమును సగమునకు దించును. త్రాటికొసను మడిచి క్లిప్పులు వేయునప్పుడు మూడింటికి తక్కువ గాకుండ, త్రాటి లావునకు ఆఱురెట్ల యెడముతో వేయవలెను. క్లిప్పుయొక్క వంపుకమ్మీ పొట్టికొసపైనను, గాడిగల దిమ్మ బరువు మోయు త్రాటిపైనను ఉండవలెను. తలక్రిందుగ బిగించినచో కమ్మీ త్రాటిని నలిపివేయును. మొదటి బరువు మోసిన వెంటనే మరల బిగింపవలెను. ఒకే బరువును రెండు త్రాళ్లు మోయుచున్నచో ఒకదానినే మార్చరాదు. క్రొత్తది, పాతది సమముగ సాగవు గనుక బరువు ఒకప్రక్క కొరుగును.

తీసివేసిన త్రాటిని మూలన చుట్టి యుంచినచో, అవసరమునాడు ఎవరో ఒకరు దానిని మరల కప్పీ కెక్కింతురు. దానిని మూరెడు ముక్కలుగ దునిమి పాత యినుమునకు వేయుడు.