పాత బియ్యపు మిల్లుల సంరక్షణము

1852వ సంవత్సరమున ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై మన డెల్టాకు నీరు వచ్చెను. 1900వ సంవత్సరమున రాజమహేంద్రవరము వద్ద హేవలాకు వంతెన పూర్తియై మన ధాన్యమునకు గోదావరి దాటి పోవు రైలుదారి కలిగెను. అంతకు మున్ను ఇంటింట రోకళ్లతో దంపుకొను వడ్లు క్రమముగా మిల్లులకు చేరెను. తాడేపల్లిగూడెము, నిడదవోలు, అనపర్తి వంటి స్టేషనులున్న ఊళ్లు బియ్యపు వర్తకముతో పెరిగినవి.

1997లో రైళ్లు మానినను ఆ వంతెన నదిపై నిలిచియే యున్నది. పాత మిల్లులకు అట్టి భాగ్యము లేదు. పని మానిన మిల్లు యంత్రములు పాత ఇనుముగా తూకమునకు పోవుచున్నవి.

ఆ యంత్రముల విలువ తెలియవలెనన్న వాని పని తెలియవలెను. హల్లరులో గాళ్లుగల ఇనుప రోలరు తిరుగగా ఊకయు తవుడును కలిసియే రాలును; నూకలు మెండు. షెల్లరులో గరుకు పూతగల రెండు చక్రముల నడుమ ఊక మాత్రమే ఊడును. తవుడు వేరుగా తీయుదురు. అందుచే తవుడు శుద్ధముగా దొరకును. ఇంజను బెల్టును, బెల్టు ఇరుసును, ఇరుసు యంత్రమును త్రిప్పును. వీనిలో ఒకటి అమ్ముడుపోయినను తక్కినవాని పని చూచువారికి బోధపడదు.

అమెరికాలోని మినియాపొలిసులో 1880 నాటి వాష్‌బర్న్ గోధుమపిండి మిల్లు 1965లో మూతపడి, 1991లో అగ్నిపాలయ్యెను. మిగిలిన గోడల నడుమ 2003లో మ్యూజియము తెరచిరి. కాలక మునుపే మేలుకొనుట లాభము.

అన్ని మిల్లులను నిలుపుట సాధ్యము కాదు, ఊరికొక్కటి చాలును. మొదట యజమాని సమ్మతిని వ్రాతమూలకముగా పొందవలెను. వానలకు ముందే కప్పు బాగుచేసి, నిప్పంటుకొను ఊకను, ధూళిని తొలగింపవలెను. యంత్రములను ఉన్నచోటనే యుంచి నూనె పూయవలెను. కాటా చీట్లు, ఖాతా పుస్తకములు భద్రపరచి, వృద్ధులైన ఇంజను డ్రైవర్లు, కళాసీలు చెప్పు సంగతులు వ్రాసికొనవలెను. గోడల బలమును ఇంజనీరుచే పరీక్షింపజేసి, తగినచో ఒక భాగమును గిడ్డంగిగా వాడుకొనవచ్చును. వాడుకలోనున్న కట్టడమే మన్నును.

ఇందులకు సంఘపు సొమ్ము వెచ్చింపదలచినచో సభ్యుల తీర్మానము ముందుండవలెను. కనుక మీ ఊర అట్టి మిల్లున్నచో, యంత్రములకు బేరము కుదురక మునుపే ఈ విషయమును సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టవలసినదిగా కోరుచున్నాము.