గాలి ఘర్షణను కొలిచిన విద్యార్థి

విమానం ఎగురుతున్నప్పుడు దాని రెక్కలను ఒరుసుకొంటూ పోయే గాలి ఆ లోహపు రేకును వెనుకకు ఈడుస్తూ ఉంటుంది. కంటికి కనిపించని ఈ ఈడ్పునే శాస్త్రజ్ఞులు ఉపరితల ఘర్షణ అంటారు. విమానానికి ఎంత ఇంధనం కావాలో, అది ఎంత బరువు మోయగలదో నిర్ణయించే అంశాలలో ఇది ఒకటి. 1940వ దశకం చివర, విమానాలు ధ్వనివేగాన్ని దాటుతున్న రోజులలో, ఈ ఘర్షణను అంచనా వేసే సిద్ధాంతాలు అనేకం ఉండేవి. అవి ఒకదానితో ఒకటి పొసగేవి కావు. వాటి తగవు తీర్చగలది కొలత ఒక్కటే.

ఆ కొలతకు పూనుకొన్న పరిశోధక విద్యార్థి సతీశ్ ధవన్. 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించిన ఆయన, లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం నుండి గణిత, భౌతిక శాస్త్రాలలోనూ, ఆంగ్ల సాహిత్యంలోనూ, మెకానికల్ ఇంజనీరింగులోనూ పట్టాలు పొందారు. పిమ్మట అమెరికా వెళ్లి, మిన్నెసోటాలో చదివి, కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్య హాన్స్ లీప్‌మన్ వద్ద పరిశోధన సాగించారు. 1951లో డాక్టరేటు పొందారు.

అంతవరకు ఘర్షణను ఎక్కువగా పరోక్షంగానే లెక్కకట్టేవారు. ఫలకం మీదుగా పోయే గాలి ఎంత మందగించిందో చూసి, దానినిబట్టి ఈడ్పును ఊహించేవారు. ధవన్ నేరు మార్గాన్ని ఎన్నుకొన్నారు. చదునైన ఫలకంలో ఒక చిన్న భాగాన్ని వేరుచేసి, స్వేచ్ఛగా కదిలేటట్లు అమర్చారు. గాలి దానిని ఈడ్చిన బలమే ఘర్షణకు కొలత. సూత్రం సులభమే గాని, ఆ బలం అత్యల్పం. ఆ భాగం ఫలకంతో సమతలంగా లేకపోయినా, చుట్టూ సందు పెద్దదైనా కొలత తప్పుతుంది. అందువల్ల ఆయన మొదట, సమాధానం ముందే తెలిసిన తక్కువ వేగపు ప్రవాహంలో పరికరాన్ని పరీక్షించారు. ఫలితం సిద్ధాంతంతో సరిపోయిన తరువాతనే ధ్వనివేగాన్ని మించిన ప్రవాహాలలో దానిని వినియోగించారు.

1951లో ధవన్ బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. అధిక వేగాల వాయుసొరంగాలు దేశానికి అప్పటికి కొత్త. ఆయన అక్కడే చిన్న సూపర్‌సోనిక్ సొరంగాన్ని నెలకొల్పి, విద్యార్థులను పుస్తకం నుండి ప్రయోగశాలకు నడిపించారు. ఆయన శిష్యులలో రొద్దం నరసింహ ఒకరు. నిలకడగా సాగే ప్రవాహం అల్లకల్లోలంగా మారే తీరును గురించి 1958లో ఆ గురుశిష్యులు కలిసి ప్రకటించిన పరిశోధన పత్రం విదేశాలలోనూ ప్రామాణికమైంది.

1962లో ధవన్ ఆ సంస్థకు డైరెక్టరైనారు. 1972లో అంతరిక్ష కార్యక్రమ బాధ్యతలు కూడా స్వీకరించారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి జరిగిన తొలి ఎస్.ఎల్.వి-3 ప్రయోగం విఫలమైనప్పుడు పత్రికలవారికి తానే జవాబు చెప్పారు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరినప్పుడు మాత్రం ఆ అవకాశాన్ని ప్రాజెక్టు అధిపతి అబ్దుల్ కలామ్‌కు వదిలిపెట్టారు. ఈ సంగతిని కలామ్ అనేక పర్యాయాలు స్మరించుకొన్నారు.

ధవన్ 2002 జనవరి 3న కన్నుమూశారు. ఆ ఏటనే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. కాశ్మీరంలో పుట్టి, లాహోరులో చదివి, కన్నడ దేశంలో పాఠాలు చెప్పిన ఆచార్యుని పేరు నేడు తెలుగు సముద్రతీరాన నిలిచి ఉన్నది. ముందు పరికరాన్ని పరీక్షించుకొని, ఆ తరువాతనే ప్రకృతిని ప్రశ్నించాలన్న ఆయన పాఠం ప్రతి ప్రయోగశాలకూ వర్తిస్తుంది.